నౌపడా ఎర్ర కాలనీలు: జీసీలో ఒక్క ఫ్యాటీ యాసిడ్ పీక్ కూడా రావట్లేదు, ఎక్కడ తప్పు చేశాను?

సముద్రం_పిల్ల

నమస్తే అండీ. ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ ఫైనలియర్. ప్రాజెక్టు ఇవ్వడానికి ఆరు వారాలే ఉంది, టెన్షన్‌లో రాస్తున్నాను, పొడుగైతే తిట్టుకోకండి.

మే నెలలో నౌపడా ఉప్పు మడులకి వెళ్ళి, ఉప్పు గడ్డకట్టే ఆఖరి మడిలోంచి సీసాడు నీళ్ళు తెచ్చాను. రోజ్‌మిల్క్‌లో నీళ్ళు ఎక్కువ కలిపితే ఎలా ఉంటుందో ఆ రంగు. లీటరుకి 250 గ్రాముల ఉప్పు, 20 గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్, కొద్దిగా పొటాషియం క్లోరైడ్, సిట్రేట్, పెప్టోన్ వేసిన ప్లేట్ల మీద పూస్తే పన్నెండు రోజులకి దానిమ్మ గింజల్లాంటి కాలనీలు వచ్చాయి. ఇక్కడిదాకా బాగానే ఉంది.

గ్రామ్ స్టెయిన్ వేద్దామని మామూలుగా స్లైడ్ మీద డిస్టిల్డ్ వాటర్ చుక్కలో కాలనీ కలిపితే, లూప్ ఎత్తేసరికి బెండకాయ జిగురులా తీగ సాగింది. మైక్రోస్కోప్ కింద ఒక్క కణమూ లేదు. సరే అని యాంటీబయాటిక్ డిస్కులు పెట్టాను, యాంపిసిలిన్ చుట్టూ జోన్ లేదు, స్ట్రెప్టోమైసిన్ చుట్టూ లేదు, నోవోబయోసిన్‌కి మాత్రం పెద్ద జోన్. ఆఖరికి ఫ్యాటీ యాసిడ్ ప్రొఫైల్ అయినా తీద్దామని ఎండబెట్టిన కణాలని మిథనాల్, టొలుయీన్, సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో 50 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచి, హెక్సేన్‌లోకి లాగి జీసీకి (గ్యాస్ క్రోమటోగ్రఫీ, ఆవిరి చేసి విడదీసి చూపే యంత్రం) ఇచ్చాను. గీత గీసినట్టు బేస్‌లైన్. 16, 18 కార్బన్ల దగ్గర రెండు చిన్న గడ్డిపరకలు, అంతే. మళ్ళీ చేశాను, మళ్ళీ అంతే. ల్యాబ్‌లో ఒకరు "నీకు ఎక్స్‌ట్రాక్షన్ రాదు" అనేశారు. నిజంగా నాదే తప్పా?

పాత_పిపెట్

అమ్మా, ముందు ఒక మాట. ఆ హెక్సేన్ వయల్ పారేయకు. నువ్వు వెతుకుతున్నది అందులోనే ఉంది.

నువ్వు చేసిన పద్ధతి ఒక నమ్మకం మీద నడుస్తుంది, మెంబ్రేన్‌లోని (కణం పొరలోని) కొవ్వు, అంటే లిపిడ్, ఎస్టర్ బంధంతో గ్లిసరాల్‌కి అంటుకుని ఉంటుందని. కొబ్బరి నూనెలో కాస్టిక్ సోడా పోస్తే సబ్బు అయ్యేది ఆ బంధం తెగబట్టే. యాసిడ్, మిథనాల్ కలిసినా అదే తెగుతుంది, విడిపోయిన ఫ్యాటీ యాసిడ్‌కి మిథైల్ తగులుతుంది, అది జీసీలో పీక్‌గా కనిపిస్తుంది. నీ దానిమ్మ గింజల్లో ఆ బంధమే లేదు. అక్కడున్నది ఈథర్. పక్కన కార్బొనిల్ లేదు కాబట్టి దాడి చేయడానికి పట్టు దొరకదు, యాసిడ్‌కీ లొంగదు, క్షారానికీ లొంగదు. ఈ లిపిడ్‌తో ఎవడూ సబ్బు చేయలేడు.

తోక కూడా వేరే. ఫ్యాటీ యాసిడ్ బదులు ఫైటానిల్ అనే గొలుసు ఉంటుంది, మొత్తం 20 కార్బన్లు, నాలుగు చోట్ల మిథైల్ కొమ్మలు. ఐదు కార్బన్ల ఐసోప్రీన్ ముక్కల్ని ఒకదానికొకటి అతికించి కట్టిన గొలుసు ఇది. హారతి కర్పూరం, రబ్బరు, క్యారెట్ రంగు, ఆకుపచ్చ క్లోరోఫిల్‌కి వేలాడే ఫైటాల్ తోక, అన్నీ ఆ ఐసోప్రీన్ వంశమే. ఇలాంటి గొలుసులు రెండు ఒక గ్లిసరాల్‌కి ఈథర్‌తో తగిలితే దాన్ని ఆర్కియాల్ అంటారు. ఇంకో తమాషా ఏంటంటే, మనలోనూ బ్యాక్టీరియాలోనూ గ్లిసరాల్‌కి ఫాస్ఫేట్ ఒక చివర ఉంటే వీటిలో రెండో చివర ఉంటుంది. కుడి చెప్పుకీ ఎడమ చెప్పుకీ ఉన్న తేడా. చూడ్డానికి చిన్న విషయమే, కానీ దాన్ని తయారు చేసే ఎంజైములే వేరు, ఒకదాన్ని సర్దుబాటు చేసి రెండోది చేసుకోవడం కుదరదు.

అంటే నీ చేతిలో ఉన్నది బహుశా హాలోఆర్కియా, చిక్కటి ఉప్పులో బతికే ఆర్కియా. ఆర్కియా అంటే బ్యాక్టీరియాలా కనిపించినా వేరే వంశపు సూక్ష్మజీవులు. 1962లో కెనడాలో మోరిస్ కేట్స్ బృందం హాలోబ్యాక్టీరియం (పేరులో బ్యాక్టీరియం ఉన్నా ఇదీ హాలోఆర్కియానే) లిపిడ్ల మీద పని చేస్తూ వీటిలో ఫ్యాటీ యాసిడ్లు దాదాపు లేవని, ఈథర్లు ఉన్నాయని చూసింది. అప్పటికి ఆర్కియా అనే మాటే లేదు. 1977లో వోస్, ఫాక్స్ ఆర్‌ఎన్‌ఏ చూసి ఇవి బ్యాక్టీరియా కావు, వేరే కొమ్మ అన్నప్పుడు ఈ వింత లిపిడ్లు పక్క సాక్ష్యంగా పనికొచ్చాయి. కాబట్టి నీ ల్యాబ్‌లో ఆ మాటన్న పెద్దమనిషికి నా తరఫున చెప్పు, 60 ఏళ్ళ కిందట నిపుణులకే ఇదే ఎదురైందని.

ఇక వయల్ సంగతి. యాసిడ్ ఊరికే కూర్చోలేదు, లిపిడ్ తలకాయని, అంటే ఫాస్ఫేటునీ చక్కెరల్నీ ఊడగొట్టింది. మిగిలిన ఆర్కియాల్ హెక్సేన్‌లోకి వచ్చింది. దాని అణుభారం 653. పామిటిక్ యాసిడ్ మిథైల్ ఎస్టర్‌ది 270. నీ జీసీ ప్రోగ్రామ్ ఆ 270 చుట్టుపక్కల వాటికోసం పెట్టింది, ఈ బండది కాలమ్ దాటకముందే రన్ అయిపోయి ఉంటుంది. ఆ గడ్డిపరక పీకులు పెప్టోన్‌వో, చేతి జిడ్డువో, వాటిని పట్టించుకోకు.

వయల్లోది రెండు మైక్రోలీటర్లు సిలికా టీఎల్‌సీ ప్లేట్ (సాల్వెంట్ పైకి పాకుతూ పదార్థాల్ని విడదీసే పలక) మీద పెట్టి, హెక్సేన్‌లో కొంచెం డైఇథైల్ ఈథర్ కలిపి నడుపు, ఎండాక సల్ఫ్యూరిక్ యాసిడ్ చల్లి హాట్‌ప్లేట్ మీద కాల్చు. పోల్చడానికి పక్క లేన్‌లో ఈ.కోలైని, అంటే మామూలు బ్యాక్టీరియాని, అదే పద్ధతిలో చేసి పెట్టు.

గ్రామ్ స్టెయిన్‌కి నీళ్ళు వాడకూడదు. కణాల్ని ఉప్పు నీళ్ళలోనే పూసి, గాలికి ఆరాక 2 శాతం ఎసిటిక్ యాసిడ్‌లో ఐదు నిమిషాలు ముంచు. ఉప్పూ పోతుంది, కణమూ ఫిక్స్ అవుతుంది. 1955 నాటి డసో పద్ధతి, ఇప్పటికీ ఇంతకన్నా సులువైనది లేదు.

రెండో_డౌట్

పాత_పిపెట్ గారు చెప్పింది బాగుంది కానీ కొంచెం తొందరపడ్డారేమో. ఎరుపు ప్లస్ ఉప్పు ఈజ్ ఈక్వల్ టు ఆర్కియా అనుకుంటే దెబ్బతింటాం. 2002లో పేరు పెట్టిన సాలినిబ్యాక్టర్ రూబర్ ఉంది కదా, అదీ ఎర్రగానే ఉంటుంది, అంతే ఉప్పులో పెరుగుతుంది, కానీ అచ్చమైన బ్యాక్టీరియా, ఎస్టర్ లిపిడ్లే. అదైతే మీ జీసీలో పీకులు రావాలి. రాలేదు కాబట్టి ఆర్కియా అనొచ్చు, సరే, కానీ పీక్ రాకపోవడం రియాక్షన్ సరిగా జరగకపోయినా అవుతుంది. ఈ.కోలై కంట్రోల్ అదే రోజు అదే యాసిడ్‌తో చేశారా? చేయకపోతే మీ ల్యాబ్ మనిషి మాట కొట్టిపారేయలేం. నోవోబయోసిన్ జోన్, యాంపిసిలిన్‌కి జోన్ లేకపోవడం మాత్రం ఆర్కియా వైపే మొగ్గుతున్నాయి, వీటికి బ్యాక్టీరియాకుండే పెప్టిడోగ్లైకాన్ గోడ లేదు, పెన్సిలిన్ జాతి మందులకి అక్కడ పనే లేదు.

ఇంకోటి, జిగురు సాగడం. అందరూ ఆస్మోసిస్ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. కణం లోపల పొటాషియం క్లోరైడ్ 4 మోలార్ దాకా ఉంటుంది, మంచినీళ్ళలో వేస్తే నీళ్ళు లోపలికి దూసుకొస్తాయి, గోడ లేదు, పగులుతుంది, మీరు చూసిన జిగురు బయటపడ్డ డీఎన్ఏ. ఇంతవరకు కరెక్టే. కానీ 1964లో కుష్నర్ ఏం చూపించాడంటే, కణాల్ని ముందే పగలగొట్టి, లోపల ఏమీ లేని ఖాళీ పొరల్ని తీసుకుని ఉప్పు తగ్గించినా అవి చిన్న ముక్కలుగా కరిగిపోతాయి. లోపల ఏమీ లేనప్పుడు ఆస్మోసిస్ ఎక్కడిది? అంటే పొరని పొరగా పట్టి ఉంచుతున్నదే ఉప్పు. దీని కెమిస్ట్రీ ఎవరైనా విడమరిచి చెప్తారా, నాకూ పూర్తిగా ఎక్కలేదు.

పాత_పిపెట్

డౌట్ గారూ, కంట్రోల్ విషయంలో మీరు రైట్, నేను ముందే గట్టిగా చెప్పాల్సింది.

పొర సంగతికి వస్తే, ఇప్పటిదాకా తోక గురించే మాట్లాడుకున్నాం, అసలు కథ తలకాయలో ఉంది. ఈ.కోలై మెంబ్రేన్‌లో ఎక్కువ భాగం ఫాస్ఫాటిడైల్ ఇథనాలమైన్, దానికి ఒక ప్లస్ ఒక మైనస్, లెక్క సున్నా. హాలోఆర్కియాలో పెద్ద వాటా పీజీపీ-మిథైల్ అనే లిపిడ్‌ది. ఒక్కో అణువుకి రెండు ఫాస్ఫేట్లు, రెండూ మైనస్. దీన్ని ముప్పై ఏళ్ళపాటు ఉత్త పీజీపీ అనుకున్నారు, చివరి ఫాస్ఫేట్ మీద ఒక మిథైల్ ఉందని 1993లో కేట్స్ తానే మళ్ళీ సరిదిద్దాడు. తన పేరు మీదున్న నిర్మాణాన్ని తానే దిద్దుకోవడం నాకు భలే నచ్చుతుంది. దీనికి తోడు ఫాస్ఫాటిడైల్ గ్లిసరాల్, కొన్నిటిలో సల్ఫేట్ ఉన్న పీజీఎస్, సల్ఫేట్ తగిలిన చక్కెర లిపిడ్లు. అన్నీ మైనస్సే. మీదున్న ఎస్-లేయర్ (కణం బయటి ప్రోటీన్ తొడుగు) గ్లైకోప్రోటీన్ కూడా ఆమ్ల గుణమే, అదీ మైనస్.

ఇన్ని మైనస్‌లు పక్కపక్కన కూర్చుంటే ఒకదాన్నొకటి తోసుకోవాలి. ఉప్పు మడిలో తోసుకోవు, ఎందుకంటే ప్రతి మైనస్ చుట్టూ సోడియం గుంపు కట్టి ఉంటుంది, మెగ్నీషియం రెండు చేతులతో రెండు పక్క అణువుల్ని పట్టుకుంటుంది. నీళ్ళు పోస్తే ఆ గుంపు పలచబడుతుంది, చేతులు జారతాయి, తోపులాట మొదలవుతుంది, ఎస్-లేయర్ ముందు ఊడిపోతుంది. ఖాళీ పొర కూడా కరగడానికి కారణం ఇదే. అందుకే మీడియాలో ఆ 20 గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్‌ని ఏదో విటమిన్‌లా చూడకండి, అది సిమెంటు.

మరి ఇంత మైనస్ ఎందుకు పెట్టుకున్నట్టు అంటే, చిక్కటి ఉప్పులో మామూలు లిపిడ్ సంచులు ఒకదానికొకటి అంటుకుని గుట్టకడతాయి. పీజీపీ-మిథైల్‌తో చేసిన సంచులు అంత ఉప్పులోనూ విడివిడిగా, లీక్ కాకుండా నిలబడతాయి. పొడుగాటి తల, దాన్ని పట్టుకున్న నీటి పొర, ఈ రెండూ దూరం ఉంచుతాయి. ఫైటానిల్ కొమ్మల వల్ల ఇంకో లాభం కూడా ఉంది. చలికాలంలో నెయ్యి గడ్డకడుతుంది, నూనె కట్టదు, ఎందుకంటే నూనెలో డబుల్ బాండ్లు ఉంటాయి. అవే ఉంటే ఎండకి, ఆక్సిజన్‌కి పాడై పాత నూనె వాసనొస్తుంది. ఫైటానిల్‌లో డబుల్ బాండ్ ఒక్కటీ లేదు, అయినా కొమ్మలు దగ్గరికి సర్దుకోనివ్వవు కాబట్టి గడ్డకట్టదు. మే ఎండలో ఉప్పు మడిలో బతకాలంటే ఇంతకన్నా మంచి ఏర్పాటు ఏముంటుంది. పైగా ఈ పొర అయాన్లని, ప్రోటాన్లని అంత తేలిగ్గా దాటనివ్వదు.

కొఠారు_మనవడు

సైన్సు నాకు ఇంటర్‌తో సరి. మా తాతది చిన్నగంజాం దగ్గర ఉప్పు కొఠారు, నీళ్ళు ఎర్రబడితే ఉప్పు తొందరగా కడుతుంది అనేవాడు, మేము నవ్వేవాళ్ళం. అది నిజమేనా? ఇంకోటి, ఇంట్లో ఉప్పు చేప మీద వానాకాలంలో ఎర్రటి మచ్చలు వచ్చేవి, అమ్మమ్మ పారేసేది. అవీ ఇవేనా? ఆవకాయలో కూడా పుడతాయా అని మా ఆవిడ అడగమంటోంది 😄

రెండో_డౌట్

మీ తాతగారు కరెక్ట్ అండి. రంగున్న నీళ్ళు ఎండని ఎక్కువ పట్టుకుంటాయి, వేడెక్కుతాయి, ఆవిరి పెరుగుతుంది. ఉప్పు చేప మీద ఎర్ర మచ్చలు చాలాసార్లు ఇవే, ఉప్పులోనే వస్తాయి, గడ్డ కట్టేటప్పుడు లోపల చిక్కుకున్న నీటి బొట్టులో చాలాకాలం బతికే ఉంటాయి. కెనడాలో, నార్వేలో వీటి మీద పరిశోధన మొదలైందే ఉప్పు వేసిన కాడ్ చేప, ఎగుమతి తోళ్ళు ఎర్రబడి పాడవుతున్నాయని. ఆవకాయకి భయం లేదు, పులుపు ఎక్కువ, వీటికి చాలేంత ఉప్పూ ఉండదు.

రంగు కూడా మెంబ్రేన్ కథే. ఎరుపు బ్యాక్టీరియోరూబెరిన్ అనే 50 కార్బన్ల కెరోటినాయిడ్, రెండు చివర్లా హైడ్రాక్సిల్ గ్రూపులు. పొడవు సరిగ్గా పొరకి అడ్డంగా సరిపోతుంది, రెండు చివర్లు రెండు వైపుల నీళ్ళలోకి పెట్టి మేకు దిగేసినట్టు ఉంటుంది. పొరకి బిగువు, ఎండ నుంచి కాపుదల. 2020 జూన్‌లో మహారాష్ట్ర లోనార్ సరస్సు గులాబీ రంగుకి తిరిగితే పుణెలోని అగార్కర్ సంస్థ వాళ్ళు నీళ్ళు చూసి హాలోఆర్కియానే అని తేల్చారు.

ఊదా రంగు వేరే. గాలి తక్కువై వెలుతురు ఉంటే హాలోబ్యాక్టీరియం పొరలో కొంత మేర బ్యాక్టీరియోరొడాప్సిన్‌తో పలకలా పరుస్తుంది, అందులో బరువులో ముప్పావు వంతు ప్రోటీనే, లిపిడ్ పావు వంతు. 1971లో ఓస్టర్‌హెల్ట్, స్టోకేనియస్ చూశారు. వెలుగు పడితే ప్రోటాన్ని బయటికి తోస్తుంది, దాంతో కణానికి శక్తినిచ్చే ఏటీపీ తయారవుతుంది. పొర లీకైతే ఈ పంపు ఎంత తోడినా చిల్లుల కుండే, అందుకే లీకవ్వని లిపిడ్ అవసరం.

సముద్రం_పిల్ల

అందరికీ థ్యాంక్స్, పదిరోజులు మాయమైనందుకు సారీ. డౌట్ గారూ, మీరన్నది నిజం, కంట్రోల్ చేయలేదు. ఇప్పుడు చేశాను, ఈ.కోలైకి పీకులు చక్కగా వచ్చాయి, నా ఐసొలేట్‌కి మళ్ళీ బేస్‌లైనే. ఎసిటిక్ యాసిడ్‌తో ఫిక్స్ చేస్తే కణాలు కనిపించాయి, ఎర్రగా, సన్న కడ్డీలు కొన్ని, వంకరటింకరవి కొన్ని.

కానీ కొత్త కష్టం. మళ్ళీ కల్చర్ పెంచుదామని స్టోర్స్ నుంచి వచ్చిన కొత్త పెప్టోన్ డబ్బా వాడాను. మూడో రోజు చూస్తే చక్కగా పెరుగుతున్న ఎర్ర ఫ్లాస్క్ తేటపడిపోయింది, అడుగున జిగురు. ఉప్పు తూకం రెండుసార్లు చూశాను, తేడా లేదు. ఏడుపొచ్చింది.

పాత_పిపెట్

ఏడవకు తల్లీ, ఇదీ పాత జబ్బే. కొన్ని పెప్టోన్లలో పైత్యరసపు ఆమ్లాలు మిగిలిపోతాయి, జంతువుల కణజాలం నుంచి చేస్తారు కదా. అవి డిటర్జెంట్లు, హాలోఆర్కియా పొరని విప్పేస్తాయి. 1988లో కమెకురా వాళ్ళు దీన్ని బయటపెట్టారు. పాత డబ్బా మిగిలుంటే దానికే తిరిగి వెళ్ళు, లేకపోతే పెప్టోన్ తీసేసి యీస్ట్ ఎక్స్‌ట్రాక్ట్, కాసమినో యాసిడ్స్‌తో చెయ్యి.

చూశావా, ఈథర్ బంధం యాసిడ్‌కి లొంగలేదు కానీ పొర డిటర్జెంట్‌కి లొంగింది. బంధం గట్టిదైనంత మాత్రాన పొర గట్టిదని కాదు, పొరలో అణువులు ఒకదానికొకటి అతుక్కుని లేవు. వేడి నీటి ఊటల్లో ఆర్కియా కొన్ని రెండు వైపులా తోకలని కలిపేసి 40 కార్బన్ల ఒకే గొలుసు చేసుకుంటాయి, ఒకే పొర. ఉప్పువి అంతదూరం పోలేదు.

టీఎల్‌సీ సంగతి చెప్పలేదు?

సముద్రం_పిల్ల

చెప్తున్నా. ఒక వయల్ నేను లేనప్పుడు ఎవరో కడిగేశారు, రెండోది ఫ్రిజ్‌లో వెనకాల దొరికింది. ఈ.కోలై లేన్‌లో పైన పెద్ద మచ్చ, మిథైల్ ఎస్టర్లు అనుకుంటా. నా లేన్‌లో ఆ ఎత్తున ఏమీ లేదు. చాలా కిందగా నల్లటి చుక్క, దానికి ఆనుకుని కొంచెం పైన ఇంకో పలచటి చుక్క. మా గైడ్ మేడమ్ ప్లేట్‌ని లైటు దగ్గర పెట్టి ఐదు నిమిషాలు చూశారు. ఒకటి ఆర్కియాల్ అయితే రెండోది ఏంటి? కలుషితమా?

పాత_పిపెట్

కాకపోవచ్చు. కొన్ని జాతుల్లో రెండు తోకల్లో ఒకటి 20 కార్బన్లకి బదులు 25 ఉంటుంది. అది కొంచెం ఎక్కువ జిడ్డు, అందుకే కొంచెం పైకి పాకుతుంది. సోడా సరస్సుల్లోని క్షారప్రియ జాతుల్లో ఎక్కువ, కానీ మామూలు పీహెచ్ వాటిలోనూ అక్కడక్కడా ఉంటుంది. ఒకే కాలనీ నుంచి తెచ్చావా, మూడుసార్లు స్ట్రీక్ చేశావా (ప్లేట్ మీద గీసి ఒంటి కాలనీ విడదీశావా) అది ముందు చెప్పు, లేకపోతే రెండు జాతులు కలిసి రెండు చుక్కలు చూపిస్తున్నాయేమో. ప్లేట్ ఆరాక అదే సాల్వెంట్‌లో ఇంకోసారి నడిపితే చుక్కలు విడిపోతాయి. తలకాయలు చూడాలంటే కొత్త కణాలు కావాలి, క్లోరోఫామ్ మిథనాల్‌తో తీసేటప్పుడు నీళ్ళ బదులు ఉప్పు నీళ్ళే వాడు, చల్లటి ఎసిటోన్ పోస్తే ఎరుపంతా ఎసిటోన్‌లోకి వెళ్ళి తెల్లటి లిపిడ్ అడుక్కి దిగుతుంది. ఆ లిపిడ్ టీఎల్‌సీకి సాల్వెంట్ క్లోరోఫామ్, మిథనాల్, 90 శాతం ఎసిటిక్ యాసిడ్, 65:4:35. ఫ్యూమ్‌హుడ్‌లో చెయ్యి.

సముద్రం_పిల్ల

రెండుసార్లే స్ట్రీక్ చేశాను 🙈 ఈ రాత్రికే మూడోది వేస్తున్నా. వయల్లో ఇంకా పదిహేను మైక్రోలీటర్లు ఉన్నట్టుంది, మూత మీద నా పేరు పెద్దక్షరాలతో రాసి పెట్టాను.